గట్టు మీద నేరం, ఢిల్లీలో చట్టం

తాడేపల్లిగూడెంలో పొద్దున్నే నడకకు వెళ్ళేవాళ్ళకి పాత రన్‌వే పెరటి దారి లాంటిది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిష్‌వాళ్ళు పరిచి వదిలేసిన దారి ఎనభై ఏళ్ళైనా గట్టిగానే ఉంది. అతుకుల్లో గరిక మాత్రం మొలిచింది. కొత్తగా కారు పట్టినవాళ్ళు గేర్లు మార్చడం ఇక్కడే నేర్చుకుంటారు. మొన్నొక ఆదివారం ఓ కుర్రాడు అరచేతిలో పట్టేంత డ్రోన్‌ని పైకి లేపి, మెడ సాచి దాన్నే చూస్తూ నడుస్తున్నాడు. నాతోపాటు నడిచే రిటైర్డ్ మాస్టారు ఊరుకోలేదు. "ఒరే అబ్బాయ్, ఇది విమానాల స్థలం. పోలీసులు చూశారంటే పట్టుకుపోతారు." కుర్రాడు తడుముకోకుండా అడిగాడు: "ఏ పోలీసులండీ? మన టౌను వాళ్ళా, ఢిల్లీ వాళ్ళా?"

వాడు వేళాకోళానికే అన్నాడు గాని, విమానాలకు అడ్డుతగలడం నేరమని చెప్పే మన చట్టాలన్నీ ఈ ప్రశ్న దగ్గరే తడబడతాయి. ముందు వాడికి జవాబు చెప్పేద్దాం. విమానాలు తిరగని పాత రన్‌వే చట్టం దృష్టిలో విమానాశ్రయం కాదు. 2021 డ్రోన్ నిబంధనలు లెక్కగట్టేది పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి దూరాన్ని. 250 గ్రాములలోపు నానో డ్రోన్‌కి పైలట్ ధ్రువపత్రం కూడా అక్కర్లేదు. ఆ చోటు డ్రోన్లకు ఆంక్షలున్న ఎర్ర, పసుపు జోన్లలో లేకపోతే 400 అడుగుల దాకా ఎగరేసుకోవచ్చు. మాస్టారి బెదిరింపు చెల్లలేదు.

అసలు ప్రశ్న అంత తేలిగ్గా తేలేది కాదు. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత శిక్షాస్మృతి ఉంటుంది. విమానం మీదికి లేజర్ వెలుగు కొట్టడం కాలిఫోర్నియా శిక్షాస్మృతిలో విడిగా ఒక నేరం. అదే పనికి 2012 నుంచి ఫెడరల్ చట్టంలో ఐదేళ్ళ దాకా జైలు. కార్చిచ్చు ఆర్పే విమానాలకు డ్రోన్లు అడ్డొస్తున్నాయని ఉటా రాష్ట్రం 2016లో తానే చట్టం చేసుకుంది. మన దగ్గర అలా కుదరదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 29వ అంశం విమానాలు, విమానయానం, విమానాశ్రయాలు. అదే జాబితాలో 93వ అంశం ఆ విషయాల మీద చేసిన చట్టాలకు సంబంధించిన నేరాలు. ఉమ్మడి జాబితాలో క్రిమినల్ చట్టం ఉందిగా అంటారేమో, కేంద్ర జాబితా విషయాల మీది నేరాలను అక్కడ మినహాయించి మరీ రాశారు. రాష్ట్రం చేతిలో మిగిలినవి రెండు: శాంతిభద్రతలు, పోలీసులు. అంటే అమరావతిలో అసెంబ్లీ కూర్చుని "విమానానికి అడ్డుపడితే ఇంత శిక్ష" అని రాయలేదు. కానీ అడ్డుపడినవాణ్ణి మొదట పట్టుకోవాల్సింది మాత్రం కైకలూరు ఎస్సైయో, గన్నవరం సీఐయో.

కేంద్రం రాసిన చట్టాలు మూడు నాలుగు వరసల్లో ఉన్నాయి. పాతది 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం. దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. విమానం లోపల జరిగే నేరాలకు 1975 నాటి టోక్యో ఒప్పంద చట్టం. హైజాకింగ్‌కు 1982లో ఒకటి వచ్చి, 2016లో ఇంకా పదునెక్కింది. ఇప్పుడు బెదిరించినా హైజాక్ కిందే లెక్క, ప్రాణాలు పోతే ఉరిశిక్ష దాకా వెళ్తుంది. ఈ నాలుగింటిలోనూ మన వ్యాసానికి గుండెకాయ వంటిది, పేరు నోరు తిరగని చట్టం: పౌర విమానయాన భద్రతకు విరుద్ధమైన చర్యల నిరోధక చట్టం, 1982. ఎగురుతున్న విమానంలో మనిషి మీద హింస, సేవలో ఉన్న విమానాన్ని పాడుచేయడం, విమానాలకు దారిచూపే పరికరాలను చెడగొట్టడం, అబద్ధమని తెలిసీ ప్రమాదం తెచ్చే సమాచారం ఇవ్వడం, అన్నిటికీ యావజ్జీవమే. 'సేవలో' అన్న మాటకి అర్థం విశాలం: సిబ్బంది ప్రయాణానికి సిద్ధం చేయడం మొదలుపెట్టినప్పటి నుంచి, దిగాక ఇరవై నాలుగు గంటల దాకా. 1994లో దానికి 3ఏ అనే సెక్షన్ చేర్చి విమానాశ్రయాన్ని కూడా కలిపారు. అక్కడ ఆయుధంతో హింసకు దిగినా యావజ్జీవమే.

ఆ 3ఏని తెలుగువాళ్ళకు పరిచయం చేసింది కోడికత్తి.

2018 అక్టోబరు 25న విశాఖపట్నం విమానాశ్రయం వీఐపీ లాంజ్‌లో అప్పటి ప్రతిపక్ష నేత వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి మీద, అక్కడి రెస్టారెంట్‌లో పనిచేసే గోదావరి జిల్లా యువకుడొకడు సెల్ఫీ అంటూ దగ్గరికొచ్చి చిన్న కత్తితో భుజం దగ్గర గాయపరిచాడు. భీమవరం వైపు సంక్రాంతి బరుల్లో కోడి కాలికి దారంతో చుట్టి కట్టే కత్తి అది. గట్టిగా చూస్తే బొటనవేలంత వెడల్పుండదు. కత్తులు కట్టేవాళ్ళు దాన్ని నూనెగుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుంటారు. రాష్ట్ర పోలీసుల ప్రత్యేక దర్యాప్తు బృందం హత్యాయత్నం కేసు పెట్టింది. తరువాత కేంద్రం కేసును జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏకి అప్పగించింది. 2019 జనవరి 1న ఎన్‌ఐఏ హత్యాయత్నంతోపాటు 3ఏ కింద కేసు నమోదు చేసింది. ఎందుకలా కుదిరిందంటే, 2008 నాటి ఎన్‌ఐఏ చట్టం షెడ్యూలులో ఈ 1982 చట్టం ఉంది. ఆ షెడ్యూలులో ఉన్న నేరమైతే రాష్ట్రాన్ని అడగకుండానే కేంద్రం కేసు తీసుకోవచ్చు. తెలుగుదేశం ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పింది: ఇది మామూలు దాడి, విమానాల భద్రతతో దీనికేం సంబంధం, శాంతిభద్రతలు మావి కదా అని. అవతలి పక్షం చెప్పేదీ అంత సూటిగానే ఉంది: తనిఖీ దాటిన చోటికి కత్తి వచ్చిందంటే అది విమానాల భద్రత కాక మరేమిటి?

రెంటిలో నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది, కానీ మనసుకు నచ్చి కాదు. అదే కత్తితో అదే గాయం ఏలూరు కొత్త బస్టాండులో జరిగి ఉంటే టూటౌన్ స్టేషన్‌లో కేసు, జిల్లా కోర్టులో విచారణ. లాంజ్ గోడల మధ్య జరిగింది గనక యావజ్జీవం వేసే సెక్షన్ వచ్చి కూర్చుంది. నిందితుడికి 2024 ఫిబ్రవరిలో హైకోర్టు బెయిలిచ్చేనాటికి దాడి జరిగి ఐదేళ్ళు దాటింది. అప్పటికీ విచారణ ముగియలేదు. చట్టం బరువైనదైతే కేసు వేగంగా తేలుతుందన్న గ్యారంటీ ఏమీ లేదు. హైజాక్ చట్టం కథ కూడా అలాంటిదే. 2017లో ముంబయి-ఢిల్లీ విమానం టాయిలెట్‌లో బెదిరింపు చీటీ పెట్టాడని ఒక వ్యాపారికి 2019లో అహ్మదాబాద్ ఎన్‌ఐఏ కోర్టు యావజ్జీవం, 5 కోట్ల జరిమానా వేసింది. 2023లో గుజరాత్ హైకోర్టు సాక్ష్యం చాలదని వదిలేసింది. గొడ్డలితో గోరు తీయబోతే వేలైనా తెగుతుంది, గోరైనా మిగులుతుంది.

ఇక గొడ్డలి బయటికి తీయని కేసులు. 2022 జులై 4న ప్రధాని మోదీ అల్లూరి సీతారామరాజు విగ్రహావిష్కరణకు గన్నవరం నుంచి భీమవరం వెళ్ళారు. ఆ దారిలో హెలికాప్టర్ కింద కనిపించేది కొల్లేరు, దాని చుట్టూ చెరువుల గళ్ళు. గన్నవరం పక్క ఊళ్ళో కాంగ్రెస్ కార్యకర్తలు నల్ల బెలూన్లు వదిలారు. హెలికాప్టర్ వెళ్ళిపోయాకే, నాలుగైదు కిలోమీటర్ల దూరంలో వదిలారని పోలీసులు చెప్పారు. కేసు మాత్రం ఐపీసీ కింద పెట్టారు. ఎందుకు ఐపీసీయే? ప్రధాని ఎక్కేది వైమానిక దళం హెలికాప్టర్. 1982 చట్టం తన నిర్వచనంలోనే సైనిక విమానాన్నీ, కస్టమ్స్, పోలీసు సేవలో ఉన్న విమానాన్నీ పక్కన పెట్టేసింది. విమానాలను కాపాడే అతి పెద్ద చట్టం దేశంలో అతి ముఖ్యమైన ప్రయాణికుడి హెలికాప్టర్‌కి వర్తించదు! ఇంకో తమాషా ఉంది. 1934 చట్టం నిర్వచనంలో బెలూన్లూ గాలిపటాలూ కూడా విమానాలే. అంటే ఆ రోజు నేరం చేసింది ఒక విమానం అనుకున్నా, అది గ్యాసు నింపిన రబ్బరు విమానం.

2025 ఏప్రిల్ 8న శ్రీసత్యసాయి జిల్లా రామగిరి మండలం పాపిరెడ్డిపల్లి పర్యటనలో మాజీ ముఖ్యమంత్రి జగన్ హెలికాప్టర్ మీదికి జనం ఎగబడ్డారు. ముందు అద్దం దెబ్బతింది. నాయకుణ్ణి వదిలేసి హెలికాప్టర్ ఒంటరిగా వెనక్కి పోయింది. ఇది ప్రైవేటు హెలికాప్టర్. సేవలో ఉంది. ఎగరలేని స్థితికి తెచ్చేంత నష్టం జరిగిందా అన్నది 1982 చట్టం అడిగే ప్రశ్నే. లాంజ్‌లో కోడికత్తికి వచ్చిన ఢిల్లీ, పొలంలో పగిలిన అద్దానికి రాలేదు. కేసు స్థానిక పోలీసులే నడిపించారు. రెండిటి మధ్య తేడా నేరం స్వభావంలో ఉందా, రాజకీయ రుతువులో ఉందా అన్నది పాఠకులే తేల్చుకోవాలి. నా వరకూ ఎస్సై చేసిందే సబబు. తోపులాటకు యావజ్జీవ సెక్షన్ వేస్తే ఏ హెలిప్యాడ్ చుట్టూ జనం మిగలరు.

స్థానిక పోలీసుకి ఐపీసీ, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), దగ్గరగా ఎందుకనిపిస్తాయో కూడా చెప్పుకోవాలి. 1982 చట్టం కింద ప్రాసిక్యూషన్‌కి కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. పాత ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం కింద కోర్టు కేసు చేపట్టాలన్నా డీజీసీఏ వంటి సంస్థ ఫిర్యాదో, రాతపూర్వక అనుమతో ఉండాల్సి వచ్చేది. సంక్రాంతి పండక్కి ఇద్దరు కానిస్టేబుళ్ళతో మూడు బరులు చూసుకునే ఎస్సైకి ఢిల్లీకి ఫైలు పెట్టే తీరిక ఎక్కడిది? వీఐపీ వస్తున్నాడంటే డ్రోన్లు, బెలూన్లు వద్దని నిషేధాజ్ఞ ఇస్తారు. ఉల్లంఘిస్తే బీఎన్‌ఎస్ 223: మామూలుగా ఆరు నెలలు, ప్రాణాపాయం ఉంటే ఏడాది దాకా. రాష్ట్రానికి విమాన చట్టం లేకపోయినా, నిజానికి రోజూ నడిచే విమాన చట్టం ఇదే.

బాంబు బెదిరింపుల సంగతి ఒక్క పేరాలో ముగిస్తాను. దానికి మన నేలతో సంబంధం మంత్రిగారి వల్లే. 2024 అక్టోబరులో దేశమంతా విమానాలకు ఉత్తుత్తి బాంబు సందేశాలు వందల్లో వచ్చాయి. పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు నిబంధనలు బిగిస్తామన్నారు. డిసెంబరులో విమాన భద్రతా నిబంధనలు సవరించి ఉత్తుత్తి సమాచారానికి కోటి రూపాయల దాకా జరిమానా పెట్టారు. ఫోన్ వెనకున్న మనిషి దొరికితేనే ఆ జరిమానా.

అసలు గొడవ కొల్లేరు మీదుంది.

ఆటపాక పక్షుల కేంద్రంలో పడవెక్కి కాస్త లోపలికి పోతే ఇనుప మంచెల మీద గూడబాతులు ముక్కు సంచులు వేలాడేసుకుని కూర్చుంటాయి. పెలికాన్ అన్న పేరు మనకు పుస్తకంలోది, ఊళ్ళో గూడబాతే. రెక్క విప్పితే దోనెలో మనిషి పడుకున్నంత పొడుగు. బరువు నాలుగు నుంచి ఆరు కిలోలు. పొద్దెక్కి నేల వేడెక్కాక పైకి లేచే వేడిగాలి పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ చాలా పైకి పోతాయి, మేతకు చాలా దూరం వెళ్తాయి. విమానం ఇంజన్లలోకి పక్షిని కొట్టి పరీక్షిస్తారు కదా, అతిపెద్ద ఇంజన్లకు కూడా ఆ పక్షి బరువు 3.65 కిలోలే. అదీ ఇంజన్ మళ్ళీ పనిచేయాలని కాదు, ముక్కలై ఎగిరిపోకుండా క్షేమంగా ఆగాలని. 2025 సెప్టెంబరులో గన్నవరం నుంచి బెంగళూరు వెళ్ళాల్సిన విమానం ఇంకా నేల మీద ఉండగానే ముక్కుకు గద్ద తగిలి, ఆ ప్రయాణం రద్దయింది. గద్ద గూడబాతు ముందు పిచ్చిక.

ఈ విషయంలో చట్టం ఊరుకోలేదు. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ నిబంధనల్లో 91వది, విమానాశ్రయం రిఫరెన్స్ పాయింట్ నుంచి పది కిలోమీటర్లలోపు జంతువుల్ని కోయకూడదు, తోలు ఒలవకూడదు, పక్షులను రప్పించే చెత్తా కుళ్ళూ పారేయకూడదు అంటుంది. మాంసం దుకాణాలతోపాటు చేపల దుకాణాలను పేరుపెట్టి చెప్పింది. ఉల్లంఘనకు మూడేళ్ళ దాకా జైలు. జరిమానా కోటి దాకా వెళ్తుంది. చెత్త డంపింగ్ యార్డును విమానాశ్రయానికి ఇరవై కిలోమీటర్ల అవతల పెట్టాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. అమలు ఎవరిది? పంచాయతీది, మున్సిపాలిటీది, కలెక్టర్‌ది. అంటే మళ్ళీ మనదే.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఆ గీతలోనే ఉంది. గన్నవరం నుంచి పది కిలోమీటర్ల వృత్తం గీస్తే కొల్లేరు తగలదు. ఆటపాక నలభై కిలోమీటర్ల అవతల. నేరం వృత్తం లోపల మేకను కోసే మనిషిది. పక్షి మేత వృత్తం బయటి చెరువుది. మండవల్లి, కైకలూరు గట్ల మీద నేను చూసిందే చెబుతున్నాను. రాత్రి ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి చేప తెల్లగా తేలితే, రైతు దాన్ని పూడ్చడు. పూడ్చాలంటే కూలీ, పొక్లెయిన్. గంపలతో గట్టవతల పోస్తాడు. గంటలో గద్దలు, కొంగలు, కుక్కలు. ఇంకోవైపు అదే రైతు బతికున్న చేపను గూడబాతు నుంచి కాపాడుకోవాలి: చెరువు మీద దారాలు కడతాడు, టపాసులు పేలుస్తాడు, గ్యాసు గన్ను పెడతాడు. పక్షి లేచి పక్క చెరువుకు, అక్కణ్ణుంచి ఇంకో చెరువుకు. కొల్లేరు అయిదో కాంటూరు వరకూ 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడినేల; 2006లో ఆక్రమణ చెరువులు పేల్చేశారు, తరువాత చాలా మళ్ళీ వచ్చాయి. అభయారణ్యంలో పక్షిని కదిలించడం ఒక చట్టంలో నేరం, విమానాశ్రయం దగ్గర పక్షిని రప్పించడం ఇంకో చట్టంలో నేరం. రెండిటికీ మధ్యనున్న చచ్చిన చేపల గంపకి ఆ రెండు చట్టాల్లోనూ పేరు లేదు. రాష్ట్రం నిజంగా ఏమైనా రాయగలిగితే ఇక్కడే రాయగలదు, ఎందుకంటే చేపల పెంపకం, ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలోవి. చచ్చిన చేపను పూడ్చే గొయ్యి ఉంటేనే చెరువు లైసెన్సు అని ఒక్క వాక్యం చాలు. విమానం అన్న మాట అందులో రానే అక్కర్లేదు.

చెట్ల సంగతీ ఇలాంటిదే. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి.బాలయోగి భీమవరం నుంచి బయల్దేరిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలింది. ఆయనతోపాటు పైలట్, అంగరక్షకుడు చనిపోయారు. మంచు పొద్దు, కొబ్బరిచెట్లు, నేలా నీరూ ఒకే రంగులో కనిపించే లంక. అందులో ఎవరి నేరమూ లేదు. అయినా ఆ ప్రాంతం వాళ్ళకి విమాన ప్రమాదం అంటే ఇప్పటికీ ఆ చెరువే. విమానాశ్రయం చుట్టూ ఇరవై కిలోమీటర్ల వరకూ కట్టడాలనూ చెట్లనూ నియంత్రించే అధికారం కేంద్రానిది; 2015 నిబంధనలతో రంగురంగుల ఎత్తు పటాలు వచ్చాయి. ఎత్తు మించినదాన్ని చివరికి కూల్చాల్సింది మాత్రం కలెక్టరే. తాడిచెట్టుకు నోటీసు ఎవరి పేరిట ఇస్తారో నాకెప్పుడూ ఆశ్చర్యమే.

చివరగా డ్రోన్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు అన్నం పొట్లాలు డ్రోన్ల మీద వెళ్ళాయి. ఆ నీరంతా దిగింది మన కొల్లేట్లోకే. తరువాతి నెల అమరావతి డ్రోన్ సదస్సులో 5,500 డ్రోన్లు కృష్ణ మీద బొమ్మలు గీశాయి. ఇప్పుడు ఊళ్ళలో వరికి మందు కొట్టేది డ్రోనే. 2021 నిబంధనలన్నీ ఎగరేసేవాడి తప్పుల గురించి, దానికి లక్ష దాకా జరిమానా. ఎగిరేదానికి అడ్డుపడేవాడి గురించి వాటిలో ఏమీ లేదు. ఉంగుటూరు దగ్గర ఒక రైతు చేలో చిలకల్ని తోలడానికి వడిసెల తిప్పుతుంటే, పక్క చేలో మందు కొట్టే డ్రోన్‌కి రాయి తగిలిందనుకోండి. డ్రోన్ విమానమే. మందు కొడుతున్నది గనక సేవలోనే ఉంది. 1982 చట్టం నిర్వచనంలో బరువు లెక్క లేదు. అక్షరం పట్టుకుంటే యావజ్జీవం! ఏ జడ్జీ అలా చదవడు; ఆస్తినష్టం కింద బీఎన్‌ఎస్ 324 సరిపోతుంది. కానీ చట్టం చదివితే అలా అర్థమయ్యే వీలు మిగలడమే లోపం. అదే రాయి పోలీసు డ్రోన్‌కి తగిలితే, పోలీసు సేవలో ఉన్నది గనక 1982 చట్టం వర్తించనే వర్తించదు. 2025 సెప్టెంబరులో డ్రోన్లకు విడిగా ఒక బిల్లు ముసాయిదా ప్రజల ముందుకొచ్చింది. వడిసెల తిప్పేవాడి గురించి అందులోనైనా రెండు ముక్కలు రాస్తారని ఆశ.

పాత రన్‌వేకి తిరిగొద్దాం. రాష్ట్రం అభివృద్ధి చేయాలనుకున్న కొత్త విమానాశ్రయాల జాబితాలో తాడేపల్లిగూడెం పేరుంది. అది నిజమైన రోజున ఇంటి దగ్గర మ్యాపు తీసి రన్‌వే చుట్టూ పది కిలోమీటర్ల వృత్తం గీసుకోండి. పెంటపాడు లోపల పడుతుంది. ఊళ్ళో మాంసం కొట్లన్నీ, చేపల బజారు లోపల పడతాయి. గణపవరం, నిడమర్రు వైపు చెరువులు గీతకు కాస్త అవతల నిలుస్తాయి. ఆ ఉదయం కుర్రాడు డ్రోన్ దించుకున్నాక మేం రోడ్డెక్కేసరికి, ఆ చెరువుల వైపు నుంచే ఐసు పెట్టెలతో చేపల వ్యాను వచ్చి బజారు ముందు ఆగింది. పెట్టె దించుతుంటే కింద కారిన నీళ్ళకోసం రెండు కొంగలు అప్పటికే కాచుకుని ఉన్నాయి.